అక్క నడక

మొన్న గిద్దలూరులో ఒక పెళ్లికి పోయి తిట్లు తిని వచ్చాను. తప్పు నా నోటిదే. పెళ్లికూతురు పందిట్లోకి వస్తోంది. నడుము అటొకసారి ఇటొకసారి ఊగుతోంది, ఒక్కో అడుగూ నేలను అడిగి వేస్తున్నట్టుంది. నా పక్కన కూర్చున్నామె, వరసకు కోడలవుతుంది, నా మోచెయ్యి గిల్లి "చూడత్తా, హంసనడక అంటే అదీ" అంది. ఆ మాట చెవిన పడగానే నాకు ఒళ్లు మండింది. "హంసా లేదు గింసా లేదు. ఆ పిల్లను ముందు డాక్టరుకు చూపియ్యండి. తాళి యాడికీ పోదు" అనేశాను. మేళం వాళ్లు సరిగ్గా అప్పుడే ఊపిరి తీసుకోవడానికి ఆగారు. నా మాట పందిరంతా వినబడింది.

పిల్ల తల్లి పరుగున వచ్చింది. "నీ నోరు పడిపోను! మా పిల్లకేం రోగమవ్వా?" అని ఏడ్చినంత పని చేసింది. తీరా చూస్తే కొత్తగా కొన్న ఎత్తు చెప్పులు కరిచాయట, అంతే. నా మనవరాలు నన్ను చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చి, "జేజీ, నీకేమైందసలు?" అని నిలదీసింది. దొరల కాలంలో చచ్చిపోయిన మనిషి సంగతి పెళ్లి పందిరి ముందు నిలబడి ఏం చెప్పేది?

ఇంటికొచ్చినా ఆ మనిషి నన్ను వదల్లేదు. అందుకే రాస్తున్నాను.

ఆమె మా తోడికోడలు. పెద్ద కోడలు ఆమె, చిన్న కోడల్ని నేను. అక్కా అని పిలిచేదాన్ని. ఆమె పేరు ఇక్కడ రాయను. మా అత్తింటి ఆడవాళ్ల పేరు గడప దాటితే పరువు తక్కువని ఆమే అనేది. ఆ నియమం మీద నాకు వీసమెత్తు గౌరవం లేదు గానీ, ఆమె మీద ఉంది.

మా అత్తవారి ఊరు గిద్దలూరుకూ రాచర్లకూ నడుమ, బాట నుంచి బాగా లోపలికి. అప్పుడు మాది కర్నూలు జిల్లా, పైన మద్రాసు సర్కారు. అన్నీ మెట్ట పొలాలు. జొన్న, కొర్ర, ఆముదం. వాన ఒక ఏడు పలికితే రెండేళ్లు పలికేది కాదు. ఎండకు మాత్రం ఏ ఏడూ కరువు లేదు. చైత్రం వచ్చిందంటే కాకులు కూడా నోళ్లు తెరుచుకుని నీడకు చేరేవి. అటువంటి ఊళ్లో ఎండ తగలక ఒక మనిషికి ఎముకలు మెత్తబడిపోయాయంటే ఇప్పటికీ ఎవరూ నమ్మరు. ఈ మధ్య డాక్టర్లు దానికి డి విటమిన్ తక్కువ అని పేరు పెట్టి, వారానికొక మాత్ర వేసుకోమంటున్నారు. "ఇంత ఎండలో ఎండ తక్కువేంది?" అని మా వీధిలో అందరూ నవ్వుకుంటారు. నాకు నవ్వు రాదు.

ఆడవాళ్లను తెరచాటున ఉంచే ఘోషా ముస్లిముల ఇళ్లలోనే అనుకుంటారు గానీ, కాస్త భూమీ దానికి మించిన పరువూ ఉన్న కాపుల ఇళ్లలో కొన్నింటికి ఆ పట్టింపు ఉండేది. మా అత్తవారిది అటువంటి ఇల్లు. పాతకాలపు మట్టిమిద్దె. గోడలు అంత మందం, కిటికీలు లేవు. వెలుతురు కోసం పైకప్పులో అక్కడక్కడ గవాక్షి ఉండేది, వాన వచ్చినా దుమ్ము లేచినా దాన్ని ఒక రాతిపలకతో మూసేవాళ్లు. పట్టపగలు కూడా వంటింట్లో దీపం పెట్టుకునేవాళ్లం. నీళ్లు, కట్టెలు ఎవరో తెచ్చి గడపలో పెట్టిపోయేవాళ్లు. వెనక దొడ్లో ఎద్దులు, వాటితో జీతగాళ్లు, కాబట్టి అక్కడికీ పోకూడదు. ఏ పెళ్లికో పోవాలంటే గూడుబండి, దానికి ముందూ వెనకా తెరలు. ఆ తెర సందులోంచి వేలెడు వెలుతురు పడితే అదే మాకు లోకం.

ఆ ఇంటికి వచ్చేనాటికి నేను రాచర్ల దిక్కున జొన్నచేలలో పిట్టలు తోలి, మా నాయన వెంట గొర్రెల్ని తోలి, కాలిన పెనంలా ఉన్నాను. అటువంటిదాన్ని ఆ ఇంటికి ఎందుకు తెచ్చుకున్నారంటే, అక్కకు రెండు కాన్పులు పోయాయి. ఒక బిడ్డ కడుపులోనే పోయింది, ఒక బిడ్డ ఏడవకుండానే పోయింది. "రెండోవానికి గట్టి పిల్లను చూడండి" అన్నాడట మామ. గట్టి పిల్లను తెచ్చి, తెచ్చిన రోజే చీకట్లో పెట్టారు. వాళ్ల తెలివికి దండం పెట్టాలి.

నన్ను చూసి అక్క చేసిన మొదటి పని నవ్వడం. నా చెయ్యి తన చెయ్యి పక్కన పెట్టి చూసుకుని, "ఏమ్మే బొగ్గుపిల్లా, మీ ఊర్ల నీడే లేదా ఏంది?" అంది. ఆమెది దబ్బపండు ఛాయ అని ఊరంతా చెప్పుకునేది. నాకు మాత్రం ఆ రంగు కింద ఏదో పాలిపోయినట్టు అనిపించేది. కానీ కొత్త కోడలి మాట ఎవరికి కావాలి? "ఎండకన్నెరగని మనిషి" అంటే ఆ రోజుల్లో అంతకు మించిన పొగడ్త లేదు. ఆమె పుట్టింటివాళ్లూ ఘోషావాళ్లే. పెద్దమనిషి అయింది మొదలు ఆకాశం కింద నిలబడి ఎరగదు.

ఆమెకు ఒక ఊతమాట ఉండేది. "నాకేమైందిప్పుడు?" నడుము పట్టుకుందా అక్కా అంటే "నాకేమైందిప్పుడు?" కాలు నొస్తోందా అంటే అదే మాట. పండగరోజు బొబ్బట్లు వత్తుతుంటే వేళ్లు ఒకదాని మీద ఒకటి మెలిబడి బిగుసుకుపోయాయి. నేను భయపడి పట్టుకుని లాగబోతే, చెయ్యి కొంగులో దాచుకుని, "నాకేమైందిప్పుడు, పిండి తడిది, అంతే" అంది. నేల మీద నుంచి లేవాలంటే ముందు రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, వాటిని తొడల మీదుగా పైకి పాకించుకుంటూ లేచేది. చూడవచ్చినవాళ్లు "ఎంత నిదానం, ఎంత నిదానం" అని మురిసిపోయేవాళ్లు. నేను గబుక్కున లేస్తే "మేకపిల్ల" అనేవాళ్లు.

వంటింటి గోడకు ఒక చిలకకొయ్య ఉండేది. నేను వచ్చిన కొత్తలో అక్కే చెయ్యి చాచి దానికి లాంతరు తగిలించేది. తర్వాత తర్వాత మునివేళ్ల మీద లేచి తగిలించింది. ఆ తర్వాత లాంతరు నా చేతికిచ్చి, "నువ్వు పెట్టు" అనడం మొదలుపెట్టింది. ఒకరోజు ఉండబట్టలేక, "అక్కా, నువ్వు పొట్టిగా అవుతాండావా ఏంది?" అన్నాను. ఆమె గోడవంక చూసి, చాలా గంభీరంగా, "గోడే పెరుగుతాండాదే" అంది. ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం. మనిషి నా కళ్లముందే కుదించుకుపోతుంటే నవ్వుకున్నాం. ఊళ్లోవాళ్లకైతే అదీ ఒక గుణమే. పెద్ద కోడలు ఎంత ఒదిగి ఉంటుందో చూడండి అనేవాళ్లు.

ఇక నడక. ఆమె నడక చూడ్డానికే బంధువులు వచ్చేవాళ్లంటే మీరు నవ్వుతారేమో. పాదం పూర్తిగా ఎత్తకుండా, నడుము మెల్లగా ఒక పక్కకు వాల్చి, ఆ కాలు తెచ్చుకుని, మళ్లీ రెండో పక్కకు వాలి. పట్టుచీర కుచ్చిళ్లు నేలను రాసుకుంటూ స్... స్... అని ఒక చప్పుడు. "హంసనడక" అని ఒకరు మొదలుపెట్టారు, అందరూ పట్టుకున్నారు. గిద్దలూరు నుంచి, హనుమంతునిపాడు దిక్కు నుంచి వచ్చిన చుట్టాలు తమ ఆడపిల్లల్ని వెంట తెచ్చి, "చూసి నేర్చుకోండే" అనేవాళ్లు. ఆ పిల్లలు పాపం నడుములు విసురుకుంటూ ఆ చీకటి నడవలో ఒకరి వెనక ఒకరు నడిచేవాళ్లు. పెళ్లిచూపుల్లో ఆ నడకకు పేరొచ్చిందని కూడా విన్నాను. జబ్బును చూసి నేర్చుకోమని పిల్లల్ని పంపిన జాతి ఇంకెక్కడైనా ఉందో లేదో నాకు తెలియదు.

నేనూ నేర్చుకోబోయాను. ఎందుకు దాచాలి? ఇంట్లో అందరూ మేకపిల్ల మేకపిల్ల అంటుంటే రోషం రాదా? ఒక మధ్యాహ్నం మగవాళ్లంతా పొలాల మీద ఉన్నారు. అక్క మంచం మీద కూర్చుని తమలపాకుల ఈనెలు తీస్తోంది. నేను కొంగు సర్దుకుని, నడుము వాల్చి, పాదం ఈడ్చి, గవాక్షి కింద పడిన ఎండమరక దాకా పోయి, తిరిగి వచ్చాను. అక్క నవ్వింది. మళ్లీ పోయి వచ్చాను. కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. "అట్ల కాదే, అట్ల కాదు" అంది.

"మరెట్లనో చెప్పు" అన్నాను ఉక్రోషంగా.

"నీకు రాదు లే."

"ఎందుకు రాదు? అందరికీ వస్తాంటే నాకే రాదా?"

ఆమె ఆకులు పక్కన పెట్టింది. నవ్వు ఇంకా ముఖం మీదే ఉంది. "నువ్వు నొప్పి లేకుండా నడుస్తాండావే. నొప్పి లేకుండా నడిస్తే ఈ నడక రాదు" అంది.

ఎక్కడ నొప్పి అని అడిగాను. ఈసారి ఊతమాట అనలేదు. తొడ మొదట్లో చెయ్యి పెట్టుకుని, "ఇక్కడ. అడుగు ఎత్తితే లోపల ఎవరో ఎముకను పిడికిట పట్టి పిండినట్టుంటాది. అందుకే ఎత్తను" అంది. బావకు చెప్పావా అంటే, "ఆయన నా నడక చూసి మురిసిపోతాడు. ఏమని చెప్పేది?" అంది. ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకోబోయింది. నేను వెయ్యలేదు.

బావ మంచివాడు. మార్కాపురంలో పలకల గనిలో వాటా ఉండేది, నెలలో సగం రోజులు అక్కడే. వచ్చినప్పుడల్లా అక్కకు ఏదో ఒకటి తెచ్చేవాడు. అక్కకు మూడోసారి నెల తప్పిందని తెలిసినప్పుడు మాత్రం ఏమీ తేలేదు, వచ్చి నడవలో తల పట్టుకుని కూర్చున్నాడు. ఇంట్లో అందరికీ ఒకటే భయం. ఈ బిడ్డ కూడా పోతే ఏం కాను? బిడ్డతో పాటు ఆమె కూడా పోతే? మంత్రసాని వచ్చి చేత్తో తడిమి చూసి, బయటికొచ్చి నాతో గుసగుసగా, "బిడ్డ వచ్చే దారిలో ఎముక ఇరుకుగా వచ్చినాదమ్మా. పోయినసారికి ఇంత ల్యాదు" అంది. అప్పుడు చెప్పాను, మంత్రసాని మాటా నొప్పి మాటా కలిపి, మా ఆయనకు. ఆయన మామకు చెప్పాడు.

మామ సంగతి చెప్పాలి. అత్తగారు నేను రాకముందే పోయింది. ఇంటికి ఆయనే పెద్ద. పొడుగ్గా, గొప్ప కంఠంతో ఉండేవాడు. జీతగాళ్లు ఆయన గొంతు వింటే వణికేవాళ్లు. కానీ కోడళ్లతో మాట్లాడాలంటే గడప అవతల నిలబడి దగ్గేవాడు. మేం తలుపు చాటుకు పోయేవాళ్లం. అప్పుడు ద్వారబంధంతో మాట్లాడేవాడు. "అమ్మాయిని పెందలాడే అన్నం తినమనండి." "చిన్నమ్మాయికి పుట్టింటి నుంచి మనిషి వచ్చినాడని చెప్పండి." ఎవరు చెప్పాలో, ఎవరికి చెప్పాలో ఆ కొయ్యకే తెలియాలి. మేం లోపల నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లం. కానీ అక్క కడుపుతో ఉన్న నెలల్లో ఆయన రోజుకు ఎన్నిసార్లు దగ్గేవాడో. పండు తెస్తే దగ్గు, వెన్న తెస్తే దగ్గు. ఆమెను కూతురికంటే ఎక్కువ చూసుకున్నాడు. ఇది ఆయన మీద కోపంతో రాస్తున్నాను గానీ, ఈ మాట మాత్రం నిజం.

నొప్పి సంగతి తెలిసిన వారంలోనే ఆయన బండి కట్టించాడు. రైలు మార్గంలో ఒక మిషను ఆసుపత్రి ఉంది, అక్కడ ఒక దొరసాని డాక్టరు ఉండేది. బావ మార్కాపురంలో ఉన్నాడు, మా ఆయన జొన్నకోతల పనిలో ఉన్నాడు. మామే అక్కను తెరలబండిలో గిద్దలూరు స్టేషనుకు, అక్కడి నుంచి ఆడవాళ్ల పెట్టెలో ఎక్కించి తీసుకుపోయాడు. మర్నాడు తిరిగి వచ్చారు. అక్కను పొదివి పట్టుకుని లోపలికి తెచ్చాను. ఏమన్నదని అడిగితే, "ఏమో. నేను తల ఎత్తితే కదా" అంది. మామ గడప అవతల దగ్గాడు.

"ఒక నూనె సీసా ఇచ్చినాది దొరసాని. చేపనూనె అంట. తాగమనండి. అమ్మాయి రోజూ పొద్దున మిద్దె మీద ఎండలో కూర్చోవాల. ఎండ తగిలితే ఎముక గట్టిపడతాదంట" అని ద్వారబంధానికి చెప్పాడు. ఇంకా ఏదో చెప్పబోయినట్టు కాసేపు నిలబడ్డాడు. తర్వాత మళ్లీ దగ్గి, వెళ్లిపోయాడు.

చేపనూనె ఆమె కడుపులో నిలవలేదు. సీసా మూత తీస్తే చాలు వాంతి. రెండు రోజులు చూసి ఆ సీసాను దూరంగా పెట్టాం. ఇక మిగిలింది ఎండే.

ఎండ కోసం మామ చేసిన ఏర్పాటు చూస్తే ఎవరికైనా కళ్లనీళ్లు వస్తాయి. పక్క మిద్దెల నుంచి ఎవరి కన్నూ పడకుండా, మిద్దె మీద నలుదిక్కులా నిలువెత్తు తడికలు కట్టించి, సందుల్లో జొన్నచొప్ప కుక్కించాడు. పైన మాత్రం ఆకాశం. పొద్దున ఆ వేళకు దొడ్లో జీతగాళ్లను కూడా పొలానికి తరిమేవాడు. ఘోషా ఇంట్లో ఒక ఆడమనిషి కోసం మిద్దెకు తడికలు కట్టడమంటే ఊళ్లో మాట పడటమే. పడ్డాడు.

రోజూ నేనే అక్కను మిద్దె ఎక్కించేదాన్ని. ఒక్కో మెట్టుకూ ఆగేది. పైకి చేరాక నులకమంచం మీద కూర్చునేది. కూర్చుని ఏం చేసేదో వినండి. మా నాయన పంపిన గొర్రెబొచ్చు గొంగళి తల మీద నుంచి పాదాల దాకా కప్పుకునేది. చేతులు లోపలే. ముఖం మీద కొంగు. ముక్కు కొస కూడా కనబడేది కాదు. ఎండ తగలాలన్నారు కాబట్టి ఎండలో కూర్చుంది. ఒళ్లు నల్లబడకూడదు కాబట్టి కప్పుకుంది. రెండూ పాటించింది. నాకూ అందులో తప్పు తోచలేదు. నొప్పులకు కాపడం పెట్టినట్టు ఆ వేడికి ఎముక గట్టిపడుతుందనుకున్నాం. మాఘం పోయి ఫాల్గుణం వచ్చింది, చైత్రం వచ్చింది. గొంగళి లోపల ఆమె ఉడికిపోయేది. రవిక తడిసి పిండేటట్టుండేది. "చాలక్కా, దిగుదాం" అంటే, "ఇంకాసేపు కానియ్యే. బిడ్డకు మంచిదంట కదా" అనేది.

ఆ గొంగళి లోపలి నుంచి మాట్లాడేది. మనిషి కనబడదు, గొంతు మాత్రం వినబడేది. "ఏమ్మే, నల్లమల యాడ ఉంటాది ఇక్కడ నుంచి?" అని అడిగింది ఒకరోజు. తడిక అవతల, ఆ పక్క, అని వేలు చూపి, ఆమెకు కనబడదని గుర్తొచ్చి, మాటల్లో చెప్పాను. "నీలంగా ఉంటాదంటనే?" పొద్దున నీలం, పగలు బూడిదరంగు అని చెప్పాను. చేలో కంకులు కోసేటప్పుడు ఏ పాట పాడతారు, గొర్రె ఈనేటప్పుడు ఏడుస్తుందా, కాళ్లకు చెప్పుల్లేకుండా దున్నిన చేలో నడిస్తే ఎట్లా ఉంటుంది, ఇవన్నీ అడిగేది. "మెత్తగా ఉంటాదక్కా. కాలు దిగబడతాది" అంటే, కాసేపు ఆగి, "బిడ్డ పుట్టినంక మామను అడిగి ఒక్కసారి మీ ఊరికి పోదామా? నన్ను చేలో నడిపిస్తావా?" అంది. నడిపిస్తానన్నాను. ఆడపిల్ల పుడితే దానికి నడక నువ్వే నేర్పాలి, నేను కాదు, అని కూడా అంది.

వైశాఖంలో ఒక పొద్దున మిద్దె దిగుతున్నాం. నేను ముందు, ఆమె నా భుజం పట్టుకుని వెనక. చివరి మెట్టు. జారలేదు, పడలేదు. పాదం కింద పెట్టింది, అంతే. ఎండిన కట్టె విరిచినట్టు చప్పుడు వినబడింది. ఆ చప్పుడు ఎక్కడ నుంచి వచ్చిందో నాకు ఒక్క క్షణం తెలియలేదు. ఆమె నా మీదికి ఒరిగి, చాలా మెల్లగా, నా చెవిలో, "అమ్మా, కాలు పోయినట్టుండాదే" అంది.

తొడ ఎముక విరిగింది. మధ్యాహ్నానికి నెలలు నిండని నొప్పులు మొదలయ్యాయి. బండి కట్టారు గానీ ఆమెను ఎత్తనిస్తే కదా, ముట్టుకుంటే కేక. అంతవరకూ ఆమె గొంతు ఆ ఇంటి బయట ఎవరూ వినలేదు. ఆ రోజు వీధి చివరిదాకా వినబడింది. మంత్రసాని చేతులెత్తేసింది, బిడ్డకు దారి లేదంది. పొద్దు వాలేసరికి కేకలు ఆగిపోయాయి. తల్లి పోయాక మంత్రసాని ఎట్లాగో బయటికి తీసిన బిడ్డ ఆడపిల్ల, తల్లితోనే పోయింది. కడిగి పసుపు రాసేటప్పుడు చూశాను. ఆమె చేతులు, భుజాలు, వీపు, అన్నీ నేను వచ్చిన రోజున ఎంత తెల్లగా ఉన్నాయో అంత తెల్లగానే ఉన్నాయి. ఊరి ఆడవాళ్లు ఏడుస్తూనే, "ఎండకన్నెరగని తల్లి" అన్నారు.

ఆ తర్వాత ఆ ఇంట్లో ఉండటం అంటే ఏమిటో నాకు తెలుసు. పట్టుచీర నేలను రాసే ఆ చప్పుడు నడవలో వినబడేది. స్... స్... నేను ఒక్కదాన్నే ఉన్నప్పుడు కాదు, నలుగురిలో ఉన్నప్పుడు. ఎవరికైనా వినబడుతోందా అని ముఖాలు చూసేదాన్ని. ఒకసారి బావ అన్నం తింటూ చెయ్యి ఆపి నడవ వైపు తల తిప్పాడు. అడగలేదు, అడిగే ధైర్యం రాలేదు. ఆయన మళ్లీ పెళ్లి చేసుకోకుండా మార్కాపురంలోనే ఉండిపోయాడు.

మరుసటి ఏడాది నాకు నెల తప్పింది. నేను గొడవ చేశాను. ఆ దొరసాని దగ్గరికి తీసుకుపోతేనే అన్నం తింటానని మొండికేశాను. మా ఆయన తీసుకుపోయాడు. దొరసాని పెద్ద మనిషి, నెరిసిన జుట్టు. ఆమె తెలుగు పుస్తకంలో అచ్చు వేసినట్టుండేది. మా ఊరి పేరు వినగానే తల ఎత్తి, "ఆ ఇంటి పెద్ద కోడలు ఎట్లున్నది?" అని అడిగింది.

పోయిందని చెప్పాను. ఆమె కలం కింద పెట్టింది. తర్వాత, "ఎండలో కూర్చుండలేదా?" అంది.

"కూర్చున్నది అమ్మా. రోజూ. నెలల పొడుగునా. నేనే కూర్చోబెట్టినా."

"ఒంటి మీద బట్ట తీసివేసియా?"

నాకు అర్థం కాలేదు. గొంగళి సంగతి చెప్పాను. నేను చెబుతుంటే ఆ తెల్లముఖం ఎర్రబడింది. నా చెయ్యి తీసుకుని, రవిక చేతిని పైకి తోసి, మోచేతి మీద తన వేలితో కొట్టి చూపించింది. "ఇక్కడ. చర్మము మీద. ఎండ చర్మమునకు తగిలినయెడలనే ఎముక గట్టిపడును. గుడ్డ మీద పడిన ఎండ గుడ్డకే. ఆమె కొంగు కప్పుకొని తల ఎత్తనే లేదు, నా మాట వినబడినదో లేదో. అందుకని బయట ఆ పెద్దమనిషికి చెప్పినాను. చేతులు, కాళ్లు, వీపు, బట్ట లేకుండ అని రెండుసార్లు చెప్పినాను. మీ ఇండ్లలో పెద్దమనిషి మాటయే జరుగును గదా అని ఆయనకే చెప్పినాను."

నాకు ఇంకా ఆ జబ్బు రాలేదని, ఆ ఇంట్లో ఇట్లాగే ఉంటే వస్తుందని కూడా చెప్పింది. అదంతా నా చెవికి ఎక్కలేదు. తిరుగు రైల్లో నా మనసులో ఒకటే తిరుగుతోంది. గడప అవతల ఇంకేదో చెప్పబోయి ఆగిన మామ.

ఇంటికి చేరాక మామ దగ్గాడు. "దొరసాని ఏమనిందంట చిన్నమ్మాయితో? అంతా బాగుందంటనా?" అని ద్వారబంధాన్ని అడిగాడు. నేను చాటుకు పోలేదు. గడప దాటి ఆయన ముందుకు పోయి నిలబడ్డాను. ఆయన ఉలిక్కిపడి ముఖం తిప్పుకున్నాడు. ఆయన ముఖాన్ని అంత దగ్గరగా చూడటం నాకు అదే మొదలు. ముసలాయన అయిపోయాడు.

"మామా, అక్కకు ఏం చేయాలని చెప్పినాది మీతో?"

"ఎండలో కూర్చోమనింది" అన్నాడు ముఖం తిప్పుకునే.

"ఇంకా?"

అరుగు మీద కూలబడ్డాడు. "బట్ట లేకుండా అనిందమ్మా" అన్నాడు. ఆ గొప్ప కంఠం లేదు. "రైల్లో వస్తూ అంతసేపూ అనుకున్నా, ఇంటికి పోయినంక చెప్పాలని. గడప దగ్గరికి వచ్చి నిలబడినా. నోటికి రాలేదు. కూతురని తెచ్చుకున్నా ఆ బిడ్డను. మామను, ఆ మాట నేనెట్ల అనేది? పెద్దోనికి చెబుదామని దొడ్లోకి పిలిచినా. వానికి వాని పెండ్లాం ఒంటి సంగతి నేను చెప్పేదా? ఎద్దుల సంగతి మాట్లాడి పంపించినా. ఎండ తగిలితే చాలు లే, అదే కదా ముఖ్యం అని మనసుకు చెప్పుకున్నా."

అప్పుడు ఆయన తల ఎత్తి నేరుగా నా ముఖంలోకి చూశాడు.

"చెప్పింటే మాత్రం చేసేదామ్మా? నీడలో పెరిగిన బిడ్డ. ఒళ్లు నల్లబడతాదంటే ప్రాణం పోయినట్టు చూసేది. చెప్పింటే చేసేదా?"

ఆయనకు ఏం కావాలో నాకు తెలుసు. చేసేది కాదు మామా, అని ఒక్క మాట అంటే ఆ ముసలి ప్రాణం కుదుటపడేది. ఆ మాట కోసమే అడిగాడు. కడుపుతో ఉన్నదాన్ని, ఇంటి పెద్దను ఓదార్చాల్సినదాన్ని, ఆ మాట అనడానికి నాకు ఒక్క క్షణం పట్టేది కాదు.

"చేసేది మామా" అన్నాను. "బిడ్డ బతుకుతాదని చెప్పింటే నడిబజారులోనైనా కూర్చునేది."

ఆయన పైకండువా నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. నేను ఓదార్చలేదు. అక్క ఉండుంటే ఓదార్చేది.